ఆవేశపడండి, కాగితం చేతపట్టుకొని

ఎలక్షన్ దగ్గరపడితే పెద్దలంతా ఒకటే చెప్తారు: ఆవేశం పనికిరాదు, నిదానంగా ఆలోచించి ఓటెయ్యండి. బడిలో సారు, టీవీలో విశ్లేషకుడు, గ్రామసభలో ఆఫీసరు, ఎవరిని అడిగినా ఇదే మాట. ఇక్కడ నేనిచ్చే సలహాలన్నీ దీనికి ఎదురు తిరుగుతాయి. చదివినవాళ్లు పెడసరి సలహాలంటారు, అననివ్వండి. నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో గత డెబ్బై ఏళ్లలో జరిగింది చూస్తే, మన జనానికి పనికొచ్చే సలహాలు ఇవేనని నా నమ్మకం.

మొదటిది: ఒళ్లు మండినప్పుడే రాజకీయం మాట్లాడండి. చల్లారేదాకా ఆగకండి.

మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తల్లిని ఊహించుకోండి. పిల్లవాడి పళ్లు గారపట్టాయి. మామకు నడుం వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకుపోయాయి. ఆమె మీటింగులో లేచి గట్టిగా అరుస్తుంది. “ఏందమ్మా, గట్ల లొల్లి చేస్తే ఎట్ల? నిమ్మళంగ చెప్పు” అంటాడు స్టేజీ మీద సారు. ఆమె నిమ్మళంగా చెప్తే అది ఒక దరఖాస్తు అవుతుంది, దానికో నంబరు పడుతుంది, నంబరు ఫైలులోకి పోతుంది. ఆ అరుపులో ఉన్న సమాచారం దరఖాస్తులో ఉండదు.

సమాచారం అనే మాట తెలిసే వాడుతున్నాను. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మన గ్రానైట్ రాళ్ల నేలలో, లోతు బోర్లలో, అది ఎన్నో రెట్లు దాటింది. ఫ్లోరైడ్ కంటికి కనబడదు. ఏళ్ల తరబడి ఎముకలో చేరుతుంది. అలాంటి విషాన్ని ముందు పట్టుకున్నది ప్రయోగశాల కాదు, నొప్పి. నొప్పి పెట్టినచోట కొలత తీస్తేనే అంకె దొరికింది. అమెరికాలో పనిచేసిన నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994లో అచ్చయిన తన పుస్తకంలో కొందరు రోగుల గురించి రాశారు. మెదడు ముందుభాగం దెబ్బతిన్న ఆ మనుషులకు తెలివి చెక్కుచెదరలేదు, లెక్కలు చేయగలరు, వాదించగలరు. భావోద్వేగం మాత్రం మొద్దుబారింది. చిన్న నిర్ణయం తీసుకోవాలన్నా వాళ్లకు ఎటూ తేలేది కాదు. ఏది ముఖ్యమో మనసు చెప్పకపోతే బుద్ధి ఎటు పోవాలో దానికే తెలియదు.

రెండోది: ఓడిపోతామని తెలిసే నామినేషన్ వేయండి.

ఇది విన్న ఎవరైనా నెత్తి కొట్టుకుంటారు. డబ్బు దండుగ, ఓటు దండుగ. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ పీడిత ఊళ్ల జనం వందల్లో నామినేషన్లు వేశారు. అడిగింది కృష్ణా నీళ్లు. తర్కంతో చూస్తే ఇంతకన్నా తెలివితక్కువ పని ఉండదు. ఒకే డిమాండ్ ఉన్న మనుషులు వందలమంది నిలబడి తమ ఓట్లు తామే చీల్చుకున్నారు. గెలిచింది సీపీఐ అభ్యర్థి, తెలంగాణ సాయుధ పోరాట యోధుడు బొమ్మగాని ధర్మభిక్షం. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. మొదటి మూడు స్థానాల్లో ఉన్నవాళ్లు తప్ప మిగిలినవాళ్లందరిదీ పోయింది.

కానీ బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. ఓటరు ఆ పుస్తకం తిరగేసి తన గుర్తు వెతుక్కోవలసి వచ్చింది. నల్గొండ నీళ్ల కథ ఢిల్లీ పత్రికలకు అప్పుడు కనబడింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది నిలబడ్డారు. అంటే ఇది ఒక్క జిల్లాకు పట్టిన పిచ్చి కాదు. మామూలు దారులన్నీ మూసుకుపోయిన జనం ఎంచుకున్న ఒక భాష.

సర్కారు ఏం చేసింది? 1996 ఆగస్టు నుంచి లోక్‌సభ జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలంది. ఎన్నికలు సజావుగా నడవాలంటే ఈ మార్పు అవసరమని వాదించవచ్చు, ఆ వాదనలో తప్పు కూడా పట్టలేం. నాకు మాత్రం బాధ కలిగిస్తుంది. నీళ్ల ప్రశ్నకు జవాబు రాకముందే, ఆ ప్రశ్న అడగడానికయ్యే ఖర్చు ఇరవై రెట్లయింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ ఆవిష్కరించారు. నడుమ పందొమ్మిదేళ్లు గడిచాయి. ఆ 480 మంది వల్లే నల్లా వచ్చిందని నేననను. వాళ్లు నిలబడకపోతే ఫ్లోరైడ్ అన్నది రాజకీయంలో ఎవరూ దాటిపోలేని మాట అయ్యేది కాదని మాత్రం అంటాను.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ పసుపు రైతులు పసుపు బోర్డు కోసం ఇదే దారి పట్టారు. అక్కడ 185 మంది బరిలో ఉన్నారు. పసుపు బోర్డు ఇస్తామని ప్రధాని ప్రకటించింది 2023 అక్టోబరు 1న, మన మహబూబ్‌నగర్ సభలోనే.

మూడోది కొంచెం కష్టమైన సలహా: ఎదుటివాడి తర్కం ఎంత బాగుంటే అంత అనుమానించండి. అందులో మొదటి వాక్యం ఎవరు రాశారో అడగండి.

కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పిచ్చింది, 1976లో దాన్ని ఖరారు చేసింది. వందలో డెబ్బై అయిదేళ్లు నమ్ముకోదగ్గ నీరు 2,060 టీఎంసీలని తేల్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పంచడానికి పెట్టుకున్న సూత్రాల్లో ముఖ్యమైనది ఒకటుంది: 1960 సెప్టెంబరు నాటికే వాడుకలో ఉన్న, లేదా వాడుకకు నిర్ణయమైన నీటిని ముట్టుకోకూడదు. న్యాయశాస్త్రంలో ఇది చక్కని సూత్రం. పారుతున్న కాలువను ఎండగట్టకూడదన్న దాంట్లో మానవత్వం కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రం వాటాలో ఎక్కువ భాగం ఈ సూత్రం కిందికే పోయింది.

ఇప్పుడు పాలమూరు చెలకలో నిలబడి ఆ సూత్రం చదవండి. కృష్ణా డెల్టాకు ఆనకట్ట 1855 నాటికే ఉంది. అది కుంఫిణీ పాలన. నిజాం ఏలుబడిలో ఉన్న పాలమూరుకు పెద్ద కాలువ లేదు. కాలువ ఉన్నవాడికి నీరు, లేనివాడికి లేదు. నీరు లేదు కాబట్టి కాలువ లేదు, కాలువ లేదు కాబట్టి హక్కు లేదు. ఒక్క మెట్టు దగ్గరా తప్పు దొరకదు. మెట్లు మొదలైనచోటే అన్యాయం ఉంది. ఈ తర్కంలో నడిచినవాడెవడూ దాన్ని పట్టుకోలేడు. బొంబాయికి, పుణెకు వలసపోయి మట్టిమోసిన పాలమూరు కూలీకి మాత్రం అది కడుపులో తెలుసు.

ట్రిబ్యునల్‌కూ ఒకచోట తెలిసింది. హైదరాబాద్ రాష్ట్రం ముక్కలు కాకుండా ఉండి ఉంటే మహబూబ్‌నగర్‌కు మెరుగైన సాగునీటి వసతి దక్కేదన్న భావంతో, ఆ కరువు నేలకు జూరాల ప్రాజెక్టు పేరిట 17.84 టీఎంసీలు కేటాయించింది. తీర్పంతటిలో నాకు అన్నిటికన్నా విలువైన చోటు అదే. అక్కడ న్యాయమూర్తులు లెక్కను కాసేపు ఆపి, ఒక జిల్లా పోగొట్టుకున్నదాన్ని చూశారు. ఆ చూపును ఆవేశమనండి, కరుణ అనండి, అదే లేకపోతే ఆ 17.84 కూడా ఉండేది కాదు.

నల్గొండలో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసింది మన నందికొండ దగ్గరే. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలను తడిపింది. దేవరకొండ, మునుగోడు ఎత్తుమీద ఉన్నాయి, నీళ్లు ఎక్కవన్నారు. పుట్టంగండి దగ్గర మోటార్లు పెట్టాక అవే నీళ్లు ఎత్తుకెక్కాయి.

నాలుగోది: మనసు కరిగిన రోజే కాగితం రాయించుకోండి. మర్యాద కోసం తెల్లారేదాకా ఆగకండి.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు హరిజనులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఏ భూసంస్కరణ చట్టమూ చేయని పని ఆ సాయంత్రం ఒక మనిషి మనసు చేసింది. చుట్టూ సాయుధ పోరాటం నడుస్తున్న జిల్లా అది. భయమూ ఉండొచ్చు, దయా ఉండొచ్చు, రెండూ భావోద్వేగాలే. అక్కడినుంచి భూదానోద్యమం దేశమంతా పాకింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది మాత్రం 1965లో. నోటిమాటకూ హద్దురాయికీ నడుమ ఎన్నో ఎకరాలు జారిపోయాయి, భూదాన భూముల తగాదాలు ఇప్పటికీ కోర్టుల్లో ఉన్నాయి.

2009 డిసెంబరు 9 రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఊరూరా పటాకులు పేలాయి. డిసెంబరు 23న వచ్చిన రెండో ప్రకటన దాన్ని విస్తృత సంప్రదింపుల పాలు చేసింది. పద్నాలుగు రోజులు! రాష్ట్రం వచ్చేసరికి 2014 జూన్ 2 అయింది.

ఇక్కడే ఒకటి గట్టిగా చెప్పాలి. ఆవేశాన్ని మీ ఒంటిమీదికి తిప్పుకోకండి. మన నల్గొండ బిడ్డ కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఆత్మాహుతికి పాల్పడి 2009 డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ త్యాగానికి దండం పెడతాను. కానీ ఏ తల్లికీ అలాంటి దండం అక్కర్లేదు. ఒళ్లు మండినవాడు బతికుండి, నామినేషన్ వేయాలి, నిలదీయాలి, వచ్చే ఎలక్షన్‌లో మళ్లీ రావాలి. అధికారంలో ఉన్నవాళ్లకు అతనితోనే ఎక్కువ ఇబ్బంది.

చివరి సలహా చిన్నది. మీ కోపం మీదేనా అని చూసుకోండి. ఫోనులో వచ్చే కోపానికి ఊరు ఉండదు, తేదీ ఉండదు, కొలత ఉండదు. ఎక్కడో ఉన్న ఎవరో కులంవాడి మీదో మతంవాడి మీదో అది మిమ్మల్ని ఉసిగొల్పుతుంది, మీ బోరు సంగతి మరిపిస్తుంది. సొంత కోపానికి చిరునామా ఉంటుంది: ఫలానా బోరు, ఫలానా కాలువ, ఫలానా పట్టా. మొదటిదాన్ని తుడిచేయండి. రెండోదాన్ని దాచిపెట్టుకోండి.

1952లో ఈ నేల రావి నారాయణరెడ్డిని దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో, నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపింది. ఆ ఓట్లేసినవాళ్లు నిదానంగా బేరీజు వేసినవాళ్లు కారు. దొరల గడీలనూ వెట్టినీ చూసి కడుపు మండినవాళ్లు.

ఈసారి గ్రామసభకు పోయేముందు మీ ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు నకలు చేతపట్టుకొని నిలబడండి, గొంతు తగ్గించకుండా మాట్లాడండి. నిమ్మళంగా చెప్పమని ఎవరైనా అంటే, ముందు ఆ కాగితం మీది అంకె పైకి చదవమనండి.