ఎనిమిదీ ముప్పావు కిలోల తేడా

నేను ఆడిట్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఊళ్ళ మీద తిరిగి ఇతరుల పద్దుల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఒక ఆఫీసులో గుండుసూదుల డబ్బాకి వోచరు లేదని అరపేజీ అభ్యంతరం రాసిన ఘనుణ్ణి. అలాంటివాడు సొంత ఇంట్లో, సొంత చేత్తో, నాలుగు నెలలపాటు దొంగలెక్కలు రాసి పట్టుబడ్డాడు. ఎవరో చిలవలు పలవలు చేసి చెప్పేలోగా నేనే చెప్పేస్తే కొంత నయం.

దీనికంతటికీ మొదలు మా ఆఫీసులో పెట్టిన ఆరోగ్య శిబిరం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. అంతవరకు గంభీరంగానే ఉన్నాను. డాక్టరుగారు నడుముకి టేపు చుట్టబోతుంటే ఊపిరి బిగపట్టాను.

"ఊపిరి వదలండి" అన్నాడాయన.

వదిలాను. టేపు చాల్లేదు. ఇంకాస్త వదిలి చుట్టి, 102 అని రాసుకుని, "మన మగవాళ్ళకి 90 దాటకూడదండీ" అన్నాడు. తర్వాత మందుల చీటీ మీద మందులు తప్ప అన్నీ రాశాడు. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడక, లేదంటే అందులో సగంసేపు పరుగు. రెండు రోజులు బరువులు ఎత్తడం. కంచంలో అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూరలు పెంచడం. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే" అన్నాడు. ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికొస్తూ దారిలో మిరపకాయ బజ్జీలు తిన్నాను. మర్నాటి నుంచి ఎలాగూ ఉండవు కదా అని.

భోగికి ముందురోజు జిమ్ములో చేరాను. సంక్రాంతి గుమ్మంలో పెట్టుకుని తిండి తగ్గిద్దామనుకునేవాణ్ణి ఏమనాలో మీరే అనండి.

నేర్పే కుర్రాడికి పాతికేళ్ళు ఉండవు. లోపలికి అడుగుపెట్టినప్పుడు "రండి సార్" అన్నాడు. ఒకసారి కూర్చుని లేవమని, నేను లేచిన తీరు చూసి "మెల్లగా అంకుల్" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ సార్ కాలేదు నేను. వాళ్ళు స్క్వాట్లంటారుగానీ మా తాత బస్కీలనేవాడు. చిన్నప్పుడు ఎక్కాలు రాకపోతే మాస్టారు ఊరికే తీయించిన గుంజీళ్ళకి ఇవి దగ్గర చుట్టాలు. ఇప్పుడు అవే తీయడానికి నెలకి పదిహేను వందలు కడుతున్నాను. అక్కడ ప్లేట్లు అంటే రాడ్డుకి రెండువైపులా తగిలించే ఇనుప చక్రాలు. ఆ మాటకి నాకు తెలిసిన అర్థం వేరు కాబట్టి, "మీకు ఇవాళ ప్లేట్లేమీ వద్దు అంకుల్" అని వాడన్నప్పుడు మనసు చివుక్కుమంది. ఉత్త రాడ్డే భుజాల మీద పెట్టాడు. ఇరవై కిలోలట.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మానికి ఆనుకుని, మాటల్లో మాటగా, "ఇవాళ ఇరవై కిలోలు ఎత్తాను" అన్నాను.

మా ఆవిడ పుట్టిల్లు ఆముదాలవలస. కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట ఆ పక్కనే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిందన్న సంగతి మా అత్తవారి ఊళ్ళో పసిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. దోసె తిరగేస్తూ, తల కూడా తిప్పకుండా, "మా ఊరి ఆడపిల్ల నూటముప్పై ఎత్తిందండీ. మీరు ఆ ఇరవై సంగతి పండక్కి వెళ్ళినప్పుడు అక్కడెవరికీ చెప్పకండి" అంది.

మా అమ్మ అందుకుంది. "పాతిక కేజీల బియ్యం మూట గుమ్మంకాడ నుంచి తెమ్మంటే నడుం పట్టీసిందన్నావు. డబ్బులిచ్చి మరీ ఎత్తడానికెల్తావేటిరా?"

బరువులెత్తిన నొప్పిలో ఒక దగా ఉంది. ఆ రోజు రాదు. మర్నాడు కాస్త వస్తుంది. రెండోనాటికి నిండుగా దిగుతుంది. భోగినాడు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో మెట్లెక్కడం బాగానే ఉంది, దిగడమే గండమయింది. సంక్రాంతి మధ్యాహ్నం అత్తవారింట్లో పీటలు వేసి విస్తళ్ళు పరిచారు. ఎలాగో కూలబడ్డాను. గారెలు, కోడికూర, ముద్దపప్పు, పనసపొట్టు కూర వరసగా వచ్చాయి. నా పక్కన కూర్చున్నవాళ్ళందరూ తిని లేచారు. నేను లేవలేదు. ఆకలి తీరక కాదు, తొడలు సహకరించక. ఆ మాట చెబితే ఇరవై కిలోల సంగతి బయటపడుతుంది. మా అత్తగారు మాత్రం విస్తరి ముందు కదలకుండా కూర్చున్న అల్లుణ్ణి చూసి, "పాపం, పట్నంలో ఏటి తింటన్నాడో!" అని కరిగిపోయి, మరో నాలుగు గారెలు వేసింది. విస్తట్లో వదిలేస్తే మర్యాద కాదు, తిన్నాను. ఖాళీ విస్తరి చూసి మళ్ళీ వేసింది. ఆఖరికి మా బావమరిది వచ్చి, సంగతి కనిపెట్టి, చంకల కింద చేతులుపెట్టి లేపాడు. ఆ రాత్రి, తిండి లెక్కలకని పెట్టుకున్న నల్ల నోటుబుక్కులో "మధ్యాహ్నం: గారెలు 2, అన్నం ఒక కప్పు" అని రాశాను. నా నేర చరిత్రలో అది మొదటి పద్దు.

పరుగు ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. విశాఖలో బీచ్ రోడ్డు మీద పొద్దున్నే కొంతసేపు వాహనాల్ని రానివ్వరు. వాహనాలు లేని రోడ్డు మీద నన్ను దాటిపోవడానికి వాహనాలే అక్కర్లేదని అక్కడ తెలిసింది. చేతికర్రతో నడిచే పెద్దాయన ఒకరు రోజూ దాటేవారు, దాటుతూ గుడ్ మార్నింగ్ చెప్పేవారు. తిరిగి చెప్పడానికి నా దగ్గర ఊపిరి ఉండేది కాదు. పరిగెడుతూ పక్కవాడితో మాట్లాడగలిగితేనే అది మనకి తగిన వేగం అని, మొదట్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చాలని జిమ్ము కుర్రాడు చెప్పే ఉన్నాడు. కానీ ఒకరోజు మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఆయన ఎదురొచ్చాడు. పొట్ట లోపలికి లాగి, గుర్రంలా ఒక యాభై అంగలు వేశాను. ఆయన కనుమరుగయ్యేసరికి కురుసుర ముందు రెయిలింగు పట్టుకుని వంగిపోయాను. ఆ జలాంతర్గామి నౌకాదళంలో ముప్పై ఏళ్ళ పైన పనిచేసి 2001లో రిటైరయింది, మరుసటి ఏడు నుంచి మ్యూజియంగా ఇసక మీద ఉంది. ఆ ఉదయం ఒడ్డుకి లాగిన జలాంతర్గాములు రెండయ్యాయి. టిక్కెట్టు ఒకదానికే.

ఇక నోటుబుక్కు విషయానికొస్తాను. అసలు నా ప్రతిభంతా అందులోనే ఉంది.

ఎడమవైపు తిన్నది, కుడివైపు ఖర్చయింది. పరుగు లెక్క సులువు, కిలో బరువుకి కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ. 84 కిలోలవాడు మూడు కిలోమీటర్లు పరిగెడితే 252. చేతి గడియారం మాత్రం 410 అని చూపించేది. ఒకే ఖర్చుకి రెండు వోచర్లు వస్తే ఆఫీసులో నేను చిన్నది ఒప్పుకుంటాను. ఇక్కడ పెద్దది ఒప్పుకున్నాను. పరుగయ్యాక మా నడక మిత్రులతో కలిసి టిఫిన్ బండి దగ్గర తిన్న మూడు పూరీలు, బంగాళాదుంప కూర ఆ 252ని మింగేసి ఇంకా ఎదురు బాకీ చూపిస్తాయి. కానీ అవి నిలబడి తిన్నవి. నిలబడి తిన్నవి రాయకూడదని ఒక నిబంధన పెట్టుకున్నాను. ఆదివారం ఆఫీసుకి సెలవు కాబట్టి పుస్తకానికీ సెలవు.

అన్నం, పప్పుల దగ్గర చేసింది మాత్రం మామూలు చేతివాటం కాదు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. అదే వంద గ్రాముల అన్నంలో 130. నీళ్ళు తాగి బరువెక్కుతుంది గనక. నేను బియ్యం తూచి, అన్నం లెక్క రాసేవాణ్ణి. పప్పు దగ్గరికొచ్చేసరికి తిరగేశాను. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఉడికాక అదే వంద గ్రాముల్లో ఏడు కూడా ఉండదు. నేను గిన్నెలో పలచటి పప్పుని తూచి, పచ్చిపప్పు లెక్క వేసుకునేవాణ్ణి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కొలత ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్, అంటే నాకు 70 గ్రాములు కావాలి. మా ఇంటి పప్పు నీళ్ళతో నేను రోజూ 90 దాటిపోయేవాణ్ణి. గుడ్డుకి ఆరు గ్రాముల చొప్పున రోజుకి మూడు గుడ్లు తినేస్తే నిజంగానే కొంత పని జరిగేది. ఉడికించిన గుడ్డు తెల్లగా, చప్పగా, ఆఫీసు సర్క్యులర్‌లా ఉంటుందని మానేశాను.

మార్చిలో మా సెక్షన్‌లో ఒకాయన మాడుగుల హల్వా తెచ్చాడు. దాన్ని గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, పిండిన పాలతో చేస్తారు. అంటే గోధుమ పాలు. ఆ రాత్రి నా పద్దు ఇలా ఉంది: "గోధుమ 20 గ్రాములు. పాలు 20 మిల్లీలీటర్లు." నెయ్యి, పాకం, జీడిపప్పు సస్పెన్స్ ఖాతాలోకి వెళ్ళాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత అందమైన తప్పుడు పద్దు నేను ఇంకొకరి పుస్తకంలో చూడలేదు.

మే నెలలో దొరికిపోయాను. ఆవకాయ రోజులు. మా అమ్మ ఆవపిండి తూచుకోవడానికి నా చిన్న త్రాసు కావాలంది. మా ఆవిడ అల్మైరాలోంచి త్రాసుతో పాటు దాని కింద ఉన్న నల్ల పుస్తకాన్నీ తెచ్చింది. ముక్కలు ఆరుతుంటే పీట మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. మా ఇంట్లో పాల లెక్క క్యాలెండర్ మీద ఉంటుంది. పాలవాడు రాని రోజుకి సున్నా, అరలీటరు ఎక్కువ తీసుకున్న రోజుకి చిన్న గీత. పద్దెనిమిదేళ్ళలో ఆ క్యాలెండర్‌తో వాదించి గెలిచిన పాలవాడు లేడు.

ముందు ఇంటర్ చదివే మా అమ్మాయిని పిలిచింది. అది ఫోనులో లెక్కవేసి, "నాన్నా, నీ పుస్తకం ప్రకారం రోజుకి సగటున 600 కేలరీల లోటు ఉంది. 120 రోజులకి 72,000. కిలో కొవ్వుకి దాదాపు 7,700. అంటే నువ్వు తొమ్మిది కిలోల మూడువందల యాభై గ్రాములు తగ్గాలి" అంది. మిషను ఎక్కించారు. 83.4 వచ్చింది.

"ఎనిమిదీ ముప్పావు కిలోల తేడా వస్తోందండీ" అంది మా ఆవిడ. గొంతు హెచ్చించలేదు. ఆ మాట నేను ఎందరితోనో అదే గొంతుతో అన్నాను.

"కండ పెరిగిందేమో. కొవ్వు కరిగి ఆ చోట కండ..."

"కండ బెల్టు మీదకి వేలాడదు నాన్నా" అంది అమ్మాయి.

తర్వాత సరుకు తనిఖీ మొదలైంది. నెలకి అయిదు లీటర్ల నూనె డబ్బా, ఇంట్లో నలుగురం. తలకి రోజుకి 41 మిల్లీలీటర్లు, 340 కేలరీల మాట. నా పుస్తకంలో నూనె రోజుకొక చెంచా. "మిగిలిన ముగ్గురం డబ్బా ఎత్తి తాగుతున్నామా?" అనడిగింది మా ఆవిడ. వంటలో పడ్డ నూనె వంటింటి ఖాతా అని నేను పెట్టుకున్న సిద్ధాంతం చెప్పే ధైర్యం చాల్లేదు. ఆదివారం చేసిన జంతికలు బుధవారానికి అడుగంటుతున్న సంగతి వచ్చింది. నేను మా అమ్మవైపు చూశాను. మా అమ్మ నోరు తెరిచి చూపించింది. "ఈ పళ్ళకి జంతికలు నములుడు పడతాదేటిరా?"

నాలుగు నెలల్లో సరిగ్గా ఉన్న పద్దు ఒకటే. ఇరవై కిలోల ఉత్త రాడ్డు నుంచి బస్కీలు 42.5 కిలోలకి వెళ్ళాయి. వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ పోవడమే అందులో కిటుకు. ఆ లెక్క సరిగ్గా ఉండటానికి కారణం, దాన్ని జిమ్ము కుర్రాడు రాసుకుంటాడు.

ఆ రోజుతో పుస్తకం నా చేతిలోంచి పోయింది. మా ఆవిడ నాకేదీ మానిపించలేదు, అదే విచిత్రం. నెల నూనె మొదటి తేదీన వేరే సీసాల్లో కొలిచి పెట్టింది, అయిదు లీటర్లు మూడయ్యాయి. అన్నానికి ఒక గిన్నె నిర్ణయించింది. పప్పు చిక్కబడింది. పొద్దున్న రెండు గుడ్లు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేస్తే సర్క్యులర్ వాసన పోయింది. బంగినపల్లి పండు సగం నాకు, సగం అమ్మాయికి. పూరీ బండి దగ్గర మిత్రులకి ఏం చెప్పిందో తెలియదుగానీ, ఇప్పుడు వాళ్ళే నాకు ఇడ్లీ ఆర్డరు చెబుతున్నారు.

వినాయక చవితికి బరువు 79.1, నడుము 95. డాక్టరుగారి 90కి ఇంకా అయిదు బాకీ. కాళీమాత గుడి దగ్గర మొదలుపెడితే కురుసుర దగ్గర ఆగకుండా వెళ్తున్నాను, చేతికర్ర పెద్దాయనకి తిరిగి గుడ్ మార్నింగ్ చెబుతున్నాను. బస్కీలు అరవై కిలోలకి చేరాయి. ఈ మాట మా అమ్మ అపార్టుమెంటంతా చాటింది. ఫలితంగా లిఫ్టు పనిచెయ్యని రోజుల్లో మూడో అంతస్తు బియ్యం మూటలు నేనే మోస్తున్నాను.

ఈ వ్యాసం రాస్తూ జంతికలు రెండు తిన్నానని మా ఆవిడతో చెప్పాను. వంటింట్లోకి వెళ్ళి క్యాలెండర్ చూశాను. పాల లెక్క పక్కన మూడు అని రాసి ఉంది.