బురదలో ముక్కుగొట్టం

జనగామకు కరువు, మానుకోటకు మిర్చి, భూపాలపల్లికి బొగ్గు రాసిన బ్రహ్మ, సముద్రం వంతు వచ్చేసరికి కలం కడుక్కుని లేచిపోయాడు. అందుకే మా దిక్కువాళ్లు సముద్రానికి పోవాలంటే మేడారం జాతరకు పోయినంత సామాను సర్దుతారు.

కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యానికి పోదామని నేను అన్నానో లేదో, మా భూపాలపల్లి బామ్మర్ది ఆన్‌లైన్‌లో స్నార్కెలింగ్ సామాను తెప్పించాడు. కళ్లనూ ముక్కునూ కలిపి మూసే అద్దం, నోట్లో కరిచిపట్టే గొట్టం. ఆయన సింగరేణిలో బొగ్గుబాయి దిగే మనిషి. భూమి కడుపులోకి పోయేటోనికి నీళ్లొక లెక్కా అని ధీమా. సాధన మాత్రం జనగామలో, మా పొలం బాయిలో చేశాడు. ఎండాకాలం నీళ్లు మోకాలు దాటకపోవడంతో బోర్లా పడుకోవలసి వచ్చింది. గట్టు మీద నుంచి చూసిన ఒక ముసలాయన జాలిగా అడిగాడు: "ఏం పారేసుకున్నడు బిడ్డా, ఉంగరమా?"

మానుకోట నుంచి మా అత్తమ్మ డబ్బాడు సకినాలతో బయల్దేరింది. ఆ ఊళ్లో ఏం దొరుకుతదో ఏమోనని. కాజాలకు పేరుపడ్డ కాకినాడకు పోతున్నామని చెప్పినా వినలేదు.

కోరింగ 1978లో అభయారణ్యమైంది. సుమారు 235 చదరపు కిలోమీటర్లు, దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఒకటి. బురద మీద చెక్కలబాట వేశారు, కాళ్లకు మట్టి అంటకుండా అడవిలో నడవొచ్చు. కింద చేపలు రెక్కలు ఊతగా బురద మీద పాకుతుంటాయి. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న ఎండ్రకాయలు దాన్ని ఊపి ఎవరినో పిలుస్తుంటాయి. చేపలు పట్టే బావురుపిల్లి ఇక్కడి అసలు దొర. అది రాత్రి డ్యూటీ కాబట్టి మాకు బోర్డు మీద బొమ్మగానే దర్శనమిచ్చింది. "దీని కోసమా ఇంత దూరం? మా ఇంటి పిల్లి పట్టపగలే తింటది చేపలు" అంది అత్తమ్మ.

బామ్మర్ది అద్దం తగిలించుకుని పడవ రేవులో నిలబడ్డాడు. పడవాయన ఆయన్ని కాసేపు చూసి, "ఈ నీళ్లలో మొహం ముంచితే మీ చెయ్యి మీకే కనపడదండి. అలాంటి సరదాలకి విశాఖపట్నం ఎల్లాలండి" అన్నాడు.

తప్పు ఆయనది కాదు, గోదావరిది. కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుని, భద్రాచలం మీదుగా ధవళేశ్వరం దాటి, గౌతమి పాయగా ఇటు దిగేసరికి దారి పొడవునా పోగేసిన ఒండ్రంతా ఇక్కడ దించుతుంది. ఆ ఒండ్రే డెల్టా అయింది, మడ చెట్లకు నేల అయింది. ఇప్పుడు పైన ఎక్కడికక్కడ ఆనకట్టలు కట్టి ఆ మన్నును ఆపేస్తున్నామన్నది వేరే గోల. కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలోనే ఉంది కదా అని నేననగానే బామ్మర్ది ఛాతీ విప్పారింది. "అంటే బావా, ఈ బురద మాదేనన్నట్టు!" అని, అప్పటి నుంచి చెక్కలబాట మీద భూయజమానిలా నడిచాడు.

నడుస్తూ నడుస్తూ ఆగాడు. మడ చెట్ల చుట్టూ బురదలోంచి వేళ్లు మేకుల్లా నిటారుగా పైకి లేచి ఉన్నాయి. బురదలో ప్రాణవాయువు అందదు కాబట్టి ఆ చెట్లు వేళ్లను గాలిలోకి ఎత్తి ఊపిరి తీసుకుంటాయని చెప్పాను. ఆయన ఒకసారి వేళ్లను, ఒకసారి చేతిలోని గొట్టాన్ని చూసుకున్నాడు. "మా బొగ్గుబాయికి ఫ్యాన్లు గూడ ఇందుకే పెడ్తరు బావా. వీటికి కరెంటు ఖర్చు లేదు" అన్నాడు. కోరింగలో స్నార్కెలింగ్ చేసేవి చెట్లేనని అప్పుడు తేలింది.

సామాను వృథా కాలేదు. ఇప్పుడది మానుకోటలో ఉంది. గిర్నీలో కారం పట్టించే రోజు అత్తమ్మ అద్దం పెట్టుకుని, గొట్టం బయటికి చాపి కూర్చుంటుంది. వరుసలో వెనకున్న ఆడవాళ్లు తుమ్ముతూ అడుగుతున్నారట, ఇది ఏ దుకాణంలో దొరుకుతదని.