పెరటి నత్త: టీకా తాత్పర్య సహితము

మూలము: “ఏమండీ! నత్తలు బొప్పాయి మొక్కంతా తినేశాయి. కాస్త ఉప్పు చల్లండి.”

అవతారిక: ఆషాఢమున రెండు వానలు పడిన పిమ్మట ఒకానొక ఇల్లాలు పెరటి గుమ్మమున నిలిచి పలికిన వాక్యమిది.

టీక: ఏమండీ = ఓ పేపరు చదువుచున్న మహానుభావా; ఈ సంబోధన వెనుక పని యుండుట లోకప్రసిద్ధము. నత్తలు = గోధుమరంగు చారల గుల్లతో, అరచేతినిండా పట్టు ఆఫ్రికా రాక్షసి నత్తలు. మన చెరువుగట్టు నత్తలని కొందరందురు. అది అసంగతము, వానికంత ఆకలి లేదు. తూర్పు ఆఫ్రికా దీని జన్మభూమి. 1847లో బెన్సన్ అను నత్తల పండితుడు మారిషస్ నుండి తెచ్చి కలకత్తా చౌరంగీలోని తోటకు చేర్చెను. పండితుల సరదా పామరుల పెరటికి వచ్చుట క్రొత్త గాదు.

తినేశాయి = గీకివేసినవి అని యర్థము. నత్తకు ఆకురాయి వంటి నాలుక, దానిపై వేలకొలది సన్నని పళ్లు. ఆకు చాలక వెల్ల వేసిన గోడను సైతము గీకును. గుల్ల పెరుగుటకు సున్నము కావలెను గదా! కావున “మొక్కంతా” అనుట అతిశయోక్తి గాదు, స్వభావోక్తి.

శంక: మగవానిని ఏరివేసిన సంతతి ఆగదా?
సమాధానము: ఆగదు. ప్రతి నత్తయు ఆడయు మగయు తానే. ఒక్క విడతకు వంద గుడ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, మట్టిలో పెట్టును. వేసవిలో గుల్లమూతికి పొర కట్టుకొని నిద్రించి, వాన పడగనే లేచును.

కాస్త = సుగమము.

ఉప్పు = ఇచ్చట దోషము కలదు. ఉప్పు నత్త ఒంటిలోని నీటిని బయటికి లాగును. అది నురగలు కక్కి చచ్చును. కాని మట్టి చవుడెక్కి బొప్పాయియు దాని వెంటనే పోవును. కావున “ఉప్పునీళ్ల బకెట్టు పట్రండి” అను పాఠాంతరమే గ్రాహ్యము.

విశేషము: పూజగదిలోని శంఖము, వామనగుంటలాడు గవ్వ, దిద్దులలోని ముత్యమును కన్న చిప్ప, కుండీ క్రింద జిగురుచార విడుచు గుల్లలేని నత్త, అన్నియు ఒకే వంశము. ఒకరికి అభిషేకము, ఒకరికి ఉప్పు!

తాత్పర్యము: పేపరు మడిచి లేవవలెను. సాయంకాలము తడి గోనెసంచి క్రింద బొప్పాయి ఆకులు పరచిన, తెల్లవారుసరికి నత్తలు అచ్చటనే చేరియుండును. వానినేరి బకెట్టులో వేయవలెను. వట్టి చేతితో ముట్టరాదు; ఎలుకల నుండి నత్తకంటు ఒక సన్నని పురుగు మనిషిలో జొరబడిన మెదడు పొరలు వాచును. పెరటి ఆకుకూరను బాగుగా కడుగక వండరాదు.

నర్సరీ నుండి కుండీలు తెచ్చుకొను పాఠకులు, నాలుగైదు మిల్లీమీటర్ల లేతపసుపు గుడ్లున్నవేమో మట్టి కెలికి చూచుకొన ప్రార్థన.