42 మార్కుల వకీలు సాబ్

నల్లగొండ గడియారం చౌరస్తాలో ఎవర్నైనా ఆపి, "అన్నా, భూమి పంచాయితీ ఒకటి ఉన్నది, ఏం చెయ్యాలె?" అని అడిగి చూడండి. ఆటో తోలేవాడైనా, పాన్ డబ్బా నడిపేవాడైనా ముందు ఖాస్రా పహణీ తియ్యమంటాడు. తర్వాత సేత్వార్ చూడమంటాడు. "38-ఇ ఏమన్న ఉన్నదా?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. చివరికి "వాయిదాలకు తిరుగుడే గని తెగదు తియ్" అని తీర్పు కూడా ఇచ్చేస్తాడు. ఫీజు అడగడు. మహబూబ్‌నగర్ బస్టాండులో అడిగినా ఇదే సలహా. కాకపోతే చాయ్ మీరు తాగించాలి.

ఇంతమంది వకీళ్లు తిరిగే నేల మీద మీకు కూడా లాయర్ కావాలని బుద్ధి పుట్టింది. మంచిదే. భూమికి రాని పట్టా మనిషికైనా రావాలి కదా. దానికి లాసెట్ రాయాలి. ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ పెడుతుంది. ఇంటర్ అయినవాళ్లకు ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ, డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్లది. గరిష్ఠ వయసు అంటూ లేదు కాబట్టి తండ్రీ కొడుకులు ఒకే ఏడు రాయొచ్చు. ఎవరికెన్ని వచ్చాయో భోజనాల దగ్గర తియ్యకుంటే చాలు.

ఈ పరీక్షకు ఎట్లా చదవాలో చెప్పేవాళ్లు గల్లీకొకరు ఉన్నారు. చదవకుండా మార్కులు పెంచుకునే విద్య మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఆ లోటు తీర్చడానికే ఈ ఎనిమిది మెట్లు.

మొదటి మెట్టు: ముందు లెక్క, తర్వాతే చదువు

ప్రశ్నలు 120, సమయం 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, న్యాయశాస్త్రం మీద ఆప్టిట్యూడ్ 60. తప్పు పెడితే మార్కులు కొయ్యరు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ గీత కూడా లేదు.

ఇప్పుడు కాగితం పెన్సిలు తీసుకోండి. కళ్లు మూసుకుని అన్నిటికీ 'సి' నొక్కితే సగటున 30 పడతాయి. మీకు నిజంగా తెలిసినవి 16 ఉన్నాయనుకోండి. మిగతా 104 గుడ్డిగా నొక్కితే నాలుగింట ఒకటి చొప్పున 26. పదహారూ ఇరవై ఆరూ నలభై రెండు. మీరు క్వాలిఫైడ్! తెలంగాణ ఎప్పుడు ఏర్పడింది (2014 జూన్ 2), మన హైకోర్టు ఎప్పుడు వేరుపడింది (2019 జనవరి 1) అని ఇక్కడే రెండు చెప్పేశాను. ఇక తెలియాల్సినవి 14 మాత్రమే.

అర్హత వేరు, సీటు వేరు అని ఎవరైనా గుర్తు చేస్తే వాళ్లతో మాట్లాడటం మానెయ్యండి. సీటు ర్యాంకును బట్టి ఇస్తారు, ర్యాంకు పక్కవాడి మార్కులను బట్టి వస్తుంది. పక్కవాడు కూడా ఈ వ్యాసం చదవాలని కోరుకుందాం.

ఒక హెచ్చరిక. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ మీద మనసుపడి దాని ప్రవేశ పరీక్ష క్లాట్ జోలికి పోకండి. అక్కడా 120 ప్రశ్నలే గాని తప్పుకు పావు మార్కు కోత. పైగా పేజీలకు పేజీలు ఇంగ్లిషు చదివించి మరీ ప్రశ్న వేస్తారు. మన 'సి' సిద్ధాంతం అక్కడ పారదు.

రెండో మెట్టు: గైడు పాతది కొనండి

కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకు దొరుకుతుంది. ముందు చదివినవాడు గీతలు కూడా గీసి పెట్టి ఉంటాడు కాబట్టి సగం శ్రమ తప్పుతుంది. ఆ గైడులో తెలంగాణకు పది జిల్లాలే. 2016లో మన రెండు జిల్లాలూ ముక్కలైన సంగతి దానికి తెలియదు. నల్లగొండ మూడయింది. మహబూబ్‌నగర్ నాలుగై, 2019లో నారాయణపేటతో అయిదయింది. గైడులో మాత్రం గద్వాల నుంచి నారాయణపేట దాకా అంతా పాలమూరే. మనుషుల్ని కలిపి ఉంచే పుస్తకాన్ని తప్పుపట్టకూడదు.

ఇంకా పెద్ద లాభం సెక్షన్లలో ఉంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి 420 పోయి 318(4) వచ్చింది. అయినా ఊళ్లో "వాడొక 420" అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. "వాడొక 318(4)" అంటే సిటీ బస్సు నంబరనుకుంటారు. సినిమాల్లో జడ్జిగారు కలం విరిచే 302, కొత్త సంహితలో మత భావాలను గాయపరచాలని మాటలనడం కిందికి వచ్చింది. హత్య 103కు మారింది. పాత గైడు చదివినవాడు హంతకుణ్ణి నోటి దురుసువాడిగా వదిలేస్తాడు. దయాగుణం అంటే అదే.

మూడో మెట్టు: పీడీఎఫ్‌లు పోగేయండి

వాట్సాప్‌లో మూడు గ్రూపులు, టెలిగ్రామ్‌లో అయిదు. రోజూ పొద్దున వచ్చిన పీడీఎఫ్ వచ్చినట్టు దించండి. తెరవకండి, ఫోను బరువెక్కితే తల బరువెక్కినట్టే. తర్వాత గోడకు రెండు ఫొటోలు తగిలించండి. ఒకటి బూర్గుల రామకృష్ణారావుది. పాలమూరు గడ్డ మీద పుట్టి, హైదరాబాదులో వకాలత్ చేసి, 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినాయన. రెండోది సురవరం ప్రతాపరెడ్డిది. ఆయనా పాలమూరు బిడ్డే. బి.ఎల్. చదివి కూడా 1926లో గోల్కొండ పత్రిక పెట్టుకున్నాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్నప్పుడు ఆయన కోపంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోలేదు. 354 మంది కవులను పోగేసి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేశాడు. ఎదుటి వాదనకు సాక్ష్యం చూపించడమంటే అది.

కానీ వాళ్లకు మాక్ టెస్టులు లేవు పాపం. ఫొటోలకు దండం పెట్టి నాలుగో మెట్టుకు రండి.

నాలుగో మెట్టు: మాక్ టెస్టులో మార్కులు పెంచే మహా మంత్రం

ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే. నెమ్మదిగా చదవండి.

ఆదివారం ఒక మాక్ రాయండి. 51 వచ్చాయనుకుందాం. బాధపడకండి. బుధవారం అదే పేపరు మళ్లీ రాయండి. 78 వస్తాయి. మళ్లీ ఆదివారం కూడా అదే పేపరు. 104! వారం రోజుల్లో 53 మార్కులు పెరిగాయి. ఏ కోచింగ్ సెంటరూ ఇంత చూపించలేదు. ఇందులో లా ఎంత పెరిగిందని అడగకండి. 17వ ప్రశ్నకు జవాబు 'బి' అని తెలిసింది. ప్రశ్న ఏమిటో మరచిపోయినా ఫర్వాలేదు.

గడియారం మన చేతిలో ఉంది కాబట్టి కష్టమైన ప్రశ్న రాగానే ఆపి, చాయ్ తాగి, మిర్చి బజ్జీ తిని వచ్చి మళ్లీ నడిపించండి. 90 నిమిషాల పేపరు మూడు గంటలు సాగితే మీకు ఓపిక ఉందని అర్థం. లాయర్‌కు కావలసింది ఓపికే. వాయిదా వేసే అలవాటు కూడా ఇప్పుడే పడుతుంది.

తర్వాత కీ చూస్తూ దిద్దుకోవాలి. 'ఎ', 'సి' మధ్య ఊగి 'ఎ' పెట్టారు, జవాబు 'సి' అయింది. "ఇది నాకు తెలిసిందే" అని గట్టిగా అనుకుని మార్కు వేసుకోండి. సంశయలాభం ముద్దాయికే చెందాలన్నది న్యాయసూత్రం. ఇక్కడ ముద్దాయి మీరే, జడ్జీ మీరే, పేపరు దిద్దేది కూడా మీరే. మూడు పదవులూ ఒకడి చేతిలో ఉండకూడదని ఏ పుస్తకంలోనో ఉంటుంది. ఆ అధ్యాయం సిలబస్‌లో లేదని తీర్మానించండి.

100 దాటిన మార్కులు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. 51 వచ్చిన రోజు ఫోటో తియ్యకండి.

అయిదో మెట్టు: తప్పు జవాబుల జోలికి పోవద్దు

కొందరు చాదస్తులు తప్పుపోయిన ప్రశ్నలకు వేరే నోటుపుస్తకం పెట్టి, ఎందుకు తప్పిందో పక్కన రాసుకుంటారు. తెలియక తప్పిందా, ప్రశ్న సగమే చదివి తప్పిందా, టైము చాలక తప్పిందా అని మూడు గళ్లు గీస్తారు. ఇట్లా చేస్తే రెండు నెలల్లో ప్రశ్నలంటే భయం పోతుంది. భయం లేనివాడికి ఈ వ్యాసంతో పనేముంది?

ఉదాహరణకు రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్. 1868 నాటి ఇంగ్లండు తీర్పు. ఒకాయన రిజర్వాయర్‌లో నీళ్లు నిలవేస్తే అవి పక్కాయన బొగ్గు గనిలోకి జొరబడ్డాయి. తన అజాగ్రత్త లేకపోయినా నష్టం కట్టాల్సిందే అన్నారు. చెరువు కట్ట తెగితే కింది పొలం ఎవడిదో, నష్టం ఎవడికో వానాకాలమంతా వాదించుకునే ఊళ్లు మనవి. ఆ తీర్పు ఒక్కసారి చదివితే జన్మలో మరచిపోరు. అందుకే చదవకండి. "రైలాండ్స్ – స్ట్రిక్ట్ లయబిలిటీ" అని జత కలిపి బట్టీ కొట్టి, పరీక్షలో "రిజర్వాయర్ యజమాని ఎవరు?" అని తిప్పి అడిగితే 'సి' నొక్కండి.

ఆరో మెట్టు: ఊరి సంగతులు పుస్తకంలోకి రానివ్వకండి

అన్నిటికంటే ప్రమాదం ఇంట్లోని పెదనాయిన. మీరు పుస్తకం పట్టుకున్న గంటకే గుడ్డసంచి తెస్తాడు. అందులో మడతలు పడి చిరగడానికి సిద్ధంగా ఉన్న తెల్లకాగితం ఒకటి.

"అరేయ్, లాయర్ చదువుతున్నవట గద. గీ సాదాబైనామా చెల్లుతదా చెల్లదా చెప్పు."

"పెదనాయిన, నాకు మాక్ ఉన్నది. వంద రూపాయల పైబడిన స్థిరాస్తికి రిజిస్ట్రేషన్ లేకుంటే అమ్మకం చెల్లదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 54."

"చెల్లకపోతే మరి 13-బి ఫారం ఎందుకు పెట్టిన్రు రా సర్కారోళ్లు?"

ఇక్కడ మీ నోరు పడిపోతుంది. పెదనాయిన చెప్పేది నిజమే. తెల్లకాగితం మీది కొనుగోళ్లను క్రమబద్ధం చేసి 13-బి సర్టిఫికెట్ ఇచ్చే దారి 1971 నాటి ఆర్వోఆర్ చట్టంలోనే ఉండేది. 2020లో ఆ చట్టం పోయి ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. మూడు చట్టాలు మారినా ఆ కాగితం సంచిలోనే ఉంది. పరీక్షలో దీనికి నాలుగు ఆప్షన్లు ఇవ్వరు కాబట్టి వెంటనే తలుపు గడియ పెట్టుకోండి.

పాలమూరు లేబరంటే తెలియని డ్యామ్ లేదు. బాకీ కింద కట్టుబడి పనిచేసినవాళ్లు మీ వాడలోనే ఉండొచ్చు. వాళ్లతో అరగంట కూర్చుంటే ఆర్టికల్ 23, 1976 నాటి వెట్టి కార్మిక నిర్మూలన చట్టం వాటంతటవే ఎక్కుతాయి. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పనిచేయించుకోవడం కూడా వెట్టేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కూలీల కేసులో ఎందుకందో తెలుస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన కాళ్లు చూస్తే, కాలుష్యం లేని నీరు ఆర్టికల్ 21లో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో అన్న మాట బుర్రలో గుచ్చుకుంటుంది. ఇట్లా గుచ్చుకున్నవి పరీక్ష అయ్యాక కూడా పోవు. బట్టీ పట్టినవైతే హాలు మెట్లు దిగేలోపే పోతాయి. తల తేలికగా ఉంటుంది.

ఏడో మెట్టు: రెండు భాషల్లోనూ తికమకపడండి

ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ ఉంటుంది. ఇంగ్లిషు సగం, తెలుగు సగం చదివి అర్థాన్ని మధ్యలో వెతకాలి. సర్షియోరరీ అంటే ఉత్ప్రేషణ, కో వారెంటో అంటే అధికార పృచ్ఛ. రెంటికీ సమానంగా బెదిరిపోవడమే సమదృష్టి. "ఈ కుర్చీలో నువ్వు ఏ హక్కుతో కూసున్నవ్?" అని అడగడమే అధికార పృచ్ఛ అనీ, సర్పంచ్‌ని ఊరు రోజూ అడిగేది అదేననీ ఎవరైనా చెబితే చెవులు మూసుకోండి.

ఎనిమిదో మెట్టు: పరీక్ష నాడు

దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చేవాళ్లు ఆఖరి బస్సే నమ్ముకోండి. పరీక్ష మొదలయ్యాక లోపలికి రానివ్వరు కాబట్టి, ఆలస్యమైతే వచ్చే ఏడాది దాకా ప్రిపరేషన్‌లో ఉన్నట్టే లెక్క. ఇంట్లోవాళ్లు పని చెప్పరు. లోపలికి వెళ్లగలిగితే మొదటి మెంటల్ ఎబిలిటీ లెక్క దగ్గరే పది నిమిషాలు కూర్చోండి. పంతం వకీలుకు అందం.

ఇదంతా అయ్యాక సీటొచ్చి, మూడేళ్లో అయిదేళ్లో గడిచి, నల్లకోటు కుట్టించుకున్నాక బార్ కౌన్సిల్ వాళ్లు ఇంకో పరీక్ష పెడతారు. ఆలిండియా బార్ ఎగ్జామినేషన్, 2011 నుంచి ఉంది. ఈ ఎనిమిది మెట్లూ దాచుకోండి, అక్కడ పనికొస్తాయి. ఆ తర్వాత బోనులో నిలబడ్డ మనిషి మీ ముఖంలోకి చూస్తాడు. అక్కడ ఆప్షన్లుండవు, కీ ఉండదు, తప్పుకు కోత మాత్రం ఉంటుంది. అది పడేది మీకు కాదు, ఆయనకు.

ఎనిమిది మెట్లూ పొల్లుపోకుండా పాటించిన పాఠకుడికి 42 మార్కులు ఖాయం. పాటించడం చేతకానివాళ్లు చేసే పనులు మూడే. కొత్త పేపరు గడియారం పెట్టుకుని రాయడం, తప్పిన ప్రతి ప్రశ్న ఎందుకు తప్పిందో రాసుకోవడం, గడియ తీసి పెదనాయినను లోపలికి పిలిచి ఆ కాగితం చదవడం. లాసెట్ ఏడాదికోసారి వస్తుంది. ఆయన వాయిదా వచ్చే సోమవారం.