పాసిర్ రిస్ ఇంటాయన

ఇంటాయన సింగపూర్‌లో పాసిర్ రిస్‌లోనే ఇల్లెందుకు కొన్నాడని ఎవరడిగినా ఒకటే జవాబు. ఈస్ట్ వెస్ట్ రైలు లైనుకి అది తూర్పు కొస. పొద్దున్నే ఎక్కితే సీటు ఖాయం. సాయంత్రం కునుకు పట్టినా దిగాల్సిన స్టేషన్ దాటిపోతుందన్న బెంగ లేదు. 1989లో ఈ స్టేషన్ కట్టి పట్టాలు అక్కడితో ఆపేసింది తన కునుకు కోసమేనని ఆయన గట్టి నమ్మకం. ఆఫీసుకి తప్ప ఆ రైలుతో ఆయనకి వేరే పనుండదు. సెంటోసా దీవి ఇంతవరకూ చూడలేదు. మెరీనా బే సాండ్స్ హోటల్ నెత్తిన ఓడ ఉంటుందని క్యాలెండర్లో చూశాడు, అంతే.

ఈ రకం మనిషిని కనిపెట్టడం తేలిక. శుక్రవారం సాయంత్రం ఆఫీసువాళ్ళు బయట కలుద్దామంటే “పిండి రుబ్బాలండీ” అంటాడు. వాళ్ళు సాకనుకుంటారు. నిజంగానే రుబ్బుతాడు. ఆ పిండి పులిసిందో లేదో అర్ధరాత్రి లేచి మూత తీసి చూస్తాడు.

ఆయన జమీందారీ అంతా ఇంటి ముందు కారిడార్. అగ్నిమాపక శాఖ నిబంధన ప్రకారం అక్కడ మనుషులు నడవడానికి 1.2 మీటర్ల దారి వదలాలి. టేపు పెట్టి కొలిచి వదిలాడు. మిగిలిన కాస్త జాగాలో కరివేపాకు, తులసి, రెండు మిరప మొక్కలు, ఒక బచ్చలి తీగ. కోనసీమలో పదెకరాల కొబ్బరితోట ఉన్నవాడు కూడా గట్టు మీద అంత దర్జాగా తిరగడు. కుండీల కింద సాసర్లలో నీళ్ళు నిలిస్తే దోమలు, దోమల వెనక డెంగీ, డెంగీ భయంతో తనిఖీ, ఆపైన జరిమానా. అందుకని రోజూ ఒక్కో సాసరూ ఎత్తి, నీళ్ళు పారబోసి, పాత బనీనుతో తుడిచి, మళ్ళీ కుండీ కింద పెడతాడు. తాను తిన్న కంచం మాత్రం సింకులో ఎండుతూ ఉంటుంది. ఇది నేను చూసింది కాదు, వాళ్ళావిడ చెప్పింది.

వంటింట్లో ఆయనొక చరిత్రకారుడు. 2011లో ఇక్కడి పేపర్లో ఒక పాత రాజీ సంగతి వచ్చింది. చైనా నుంచి వచ్చిన కుటుంబానికి పక్కనున్న భారతీయుల ఇంటి కూర వాసన పడలేదు. మధ్యవర్తి దగ్గరికి వెళ్ళారు. వాళ్ళు ఇంట్లో లేనప్పుడే వీళ్ళు కూర వండుకోవాలని ఒప్పందమైంది. అది చదివి ఊరు భగ్గుమంది. ఆగస్టు 21, ఆదివారం నాడు చైనీయులు, మలయ్‌లు అన్న తేడా లేకుండా బోలెడుమంది పనిగట్టుకుని కూర వండుకున్నారు. ఇంటాయన ఈ కథ చారు తాలింపు వేస్తూనే చెబుతాడు. ఆవాలు చిటపటలాడేటప్పుడు ఫిర్యాదు, ఎండుమిర్చి వేగేటప్పుడు రాజీ, ఇంగువ పడగానే తిరుగుబాటు. కథా చారూ ఒకేసారి దింపుతాడు. ఇంత స్వాతంత్ర్యప్రియుడూ పక్కింటి మలయ్ మామ్మగారు బెలాచాన్ అనే రొయ్యల ముద్ద వేయించిన రోజున చప్పుడు కాకుండా కిటికీలు మూసుకుంటాడు. ఇది మాత్రం నేను కళ్ళారా చూశాను.

ఆయన ఇప్పటికీ జీర్ణించుకోలేని విషయం ఒక్కటే. లిటిల్ ఇండియాలో గోంగూర దొరకని రోజున ఎవరో సిటీ హాల్ దగ్గరున్న పెనిన్సులా ప్లాజాకి వెళ్ళమన్నారు. అది బర్మావాళ్ళ అడ్డా. వెళ్తే, వాళ్ళు కూడా గోంగూర తింటారని తెలిసింది. పులుసులూ వేపుళ్ళూ, మనకంటే ఏం తక్కువ కాదు. ఆంధ్రమాతకి ఇంకో కాపురం ఉందని విన్నవాడిలా కట్టలు పట్టుకుని మౌనంగా ఇంటికొచ్చాడు. పచ్చడి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇక పిల్లి. హెచ్‌డీబీ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ఫ్లాట్లలో పిల్లుల్ని పెంచకూడదన్న నిషేధం దశాబ్దాలు నడిచి, 2024 సెప్టెంబరు 1న పోయింది. ఇప్పుడు ఫ్లాటుకి రెండు దాకా పెంచుకోవచ్చు, మైక్రోచిప్, లైసెన్సు ఉండాలి. ఇంటాయన పిల్లి పెంపకం మీద ఆన్‌లైన్ పాఠం నోట్సు రాసుకుంటూ విని, కిటికీలకి జాలీ బిగించి, లైసెన్సు ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించాడు. మరి అంతకు ముందు? “అప్పట్లో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళేదండీ” అంటాడు, ఇంకేం అడక్కండన్న మొహం పెట్టి. విజిట్ పాస్ మీద వచ్చిన అత్తగారు కళ్ళజోడు సవరించుకుని ఆ కాగితం చదివి, “అల్లుడుగారూ, నాకూ ఇలాంటిదొకటి రాయించకూడదూ?” అన్నారు. ఆ పూట తాలింపు మాడింది.

మొన్న గుంటూరు నుంచి బావమరిది వచ్చాడు. సింగపూర్ చూపించమన్నాడు. ఇంటాయన ముందు కరివేపాకు చూపించాడు, తర్వాత పిల్లిని. సాయంత్రం ధైర్యం చేసి పాసిర్ రిస్ పార్కు దాకా తీసుకెళ్ళాడు. మడ అడవిలో చెక్కవంతెన మీద నడిపించి, బురదలో గెంతే చేపల్ని చూపించాడు. చెట్టు మీద కోకిల గొంతు చించుకుంటోంది. మనకి చైత్రంలో కూస్తే మురిసిపోతాం. ఇక్కడ తెల్లారకముందే మొదలెడుతుంది, నిద్ర చెడిందని జనం ఫిర్యాదులు చేస్తారు. “నాకైతే రోజూ ఉగాదే” అన్నాడు ఇంటాయన.

బావమరిది మాట్లాడలేదు. ఇంతలో పొదలోంచి ఎర్రటి పుంజొకటి ఠీవిగా బయటికొచ్చింది.

“కోడిని చూడ్డానికి విమానమెక్కి రావాలా బావా?”

“మామూలు కోడనుకున్నావా? అడవికోడి రకం! మన నాటుకోళ్ళన్నిటికీ మూలపురుషుడు!”

బావమరిది దాన్ని తోక నుంచి తురాయి దాకా ఎగాదిగా చూశాడు.

“అయితే బాగా ముదురు. కుక్కర్ ఎన్ని విజిల్స్ రావాలంటావ్?”