నేను సీపీ కుర్చీని

నేను పుట్టింది కాన్పూర్‌లో. కృత్రిమ అవయవాలు, చక్రాల కుర్చీలు తయారు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1972లో నెలకొల్పిన అలిమ్‌కో నా పుట్టిల్లు. వికలాంగులకు ఉచితంగా పరికరాలిచ్చే శిబిరం నుంచి అంబర్‌పేట్ ఛే నంబర్ దగ్గరి రెండు గదుల ఇంటికి వచ్చాను. సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న పిల్లల కోసమే నన్ను చేశారు. తలకు ఆనిక, ఛాతీకి బెల్టు, తొడల మధ్య మెత్తటి దిమ్మ, ముందు చిన్న బల్ల ఉంటాయి నాకు.

నాలో కూర్చునే చిన్నదానికి ఆరేళ్లు. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింది. ఆ దెబ్బ ఇక పెరగదు. కానీ వ్యాయామం లేకపోతే కండరాలు బిగుసుకుపోతాయి, తుంటి కీలు జారే ప్రమాదమూ ఉంది. అందుకే పొద్దున్నే వాళ్లమ్మ ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు ఒక్కో కాలూ మెల్లగా చాపి, తర్వాత నాలో కూర్చోబెడుతుంది. కత్తెరలా పెనవేసుకునే కాళ్లను నా దిమ్మ విడిగా నిలుపుతుంది.

ఇక రాగిజావ. పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త దించి, సగం చెంచా పెట్టి ఆగాలి. మింగినట్టు గొంతు కదిలితేనే మరో చెంచా. గిన్నె ఖాళీ అయ్యేసరికి గంట పడుతుంది.

"ఎప్పుడు నడుస్తదే పిల్ల?" అంటుంది నాయనమ్మ.

"ముందు మంచిగ కూసోనియ్యి అత్తమ్మా. కూసుంటే బడికి పోతది."

ఒక బడివాళ్లు మాట రాదని చేర్చుకోలేదు. మాట రాకున్నా దీనికి అన్నీ తెలుసు. "పప్పా, పెరుగా?" అంటే కావలసిన గిన్నె వైపు చూస్తుంది. అవునంటే కళ్లు పైకెత్తుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కని ఆ చట్టమే చెబుతోంది. వైకల్య శాతం తెలిపే సదరం సర్టిఫికెట్ పట్టుకుని అమ్మ మళ్లీ బళ్ల చుట్టూ తిరిగింది. ఇప్పుడు చిన్నది ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రానికి పోతోంది.

నెలలు గడుస్తున్నా పసిబిడ్డకు మెడ నిలవకపోయినా, పిడికిళ్లు విడకపోయినా "అదే సర్దుకుంటుందిలే" అని ఊరుకోకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటికి వెళ్తే ముందు ఆ బిడ్డతోనే మాట్లాడండి. జావ పట్టడం నేర్చుకుని, ఒక్క పూటైనా ఆ తల్లికి విశ్రాంతినివ్వండి. బిడ్డ బరువు నేను మోస్తాను. తల్లి బరువు పంచుకోవలసింది మీరే.