దావత్ లెక్కకు టీకా తాత్పర్యం

ఆటవెలది:

తాగువారి లెక్క తప్పకెంచగవలె
తాగననెడివారి దండి లెక్క
కోటరొకటి తలకు కూడి, సోడా రెట్టి,
మామకొకటి యెత్తి మరచిపొమ్ము

అవతారిక: తెలంగాణలో పెండ్లి అయింది, అప్పగింతలయ్యాయి, ఇక దావత్ మిగిలింది. మటన్ ఎన్ని కిలోలో వంటమాస్టరు చెప్పాడు. మందు ఎంతో చెప్పేవాడు లేడు. "జర ఎక్కువనే తేండ్రి" అని పెద్దమనుషులు, "గింత ఖర్చా?" అని ఇల్లాలు. ఇద్దరి నడుమ చిక్కిన పెండ్లికూతురి తండ్రికి బామ్మర్ది చేసిన ఉపదేశం ఇది.

ప్రతిపదార్థం: తాగువారి లెక్క = బాహాటంగా తాగేవారి సంఖ్యను; తప్పక ఎంచగవలె = మరువక లెక్కించాలి; తాగను అనెడివారి = ఒట్టేసుకున్నవారిది; దండి లెక్క = పెద్ద లెక్క; తలకు = మనిషికి; కోటరు ఒకటి = 180 మిల్లీలీటర్లు; కూడి = కలిపి; సోడా రెట్టి = సోడా రెండింతలు చేసి; మామకు = ఆలస్యంగా వచ్చే మేనమామకు; ఒకటి = ఒక ఫుల్లు; ఎత్తి = దాచిపెట్టి; మరచిపొమ్ము = ఆ సంగతి మరిచిపో.

తాత్పర్యం: మందు కొనేది దాహానికి కాదు, మాట పడకుండా ఉండటానికి.

వివరణ: దావత్‌కు 200 మంది మగవాళ్లు వస్తారనుకుందాం. సగం మంది తాగేవారు. వారిలో 40 మంది బీరు పక్షం. తలకు రెండు చొప్పున 80 సీసాలు. కాటన్‌కు 12 కాబట్టి ఏడు కాటన్లు తెస్తే నాలుగు మిగులు. తక్కిన 60 మందికి 60 కోటర్లు. ఫుల్లుకు నాలుగు కోటర్లని లోకవ్యవహారం, అంటే 15 ఫుల్లులు. అయితే ఫుల్లు 750 మిల్లీలీటర్లు, నాలుగు కోటర్లు 720. సీసాకు 30 చొప్పున 15 సీసాల మీద 450 మిగలాలి. అది ఎవరి గ్లాసులోనూ కనబడదు. పోసేవాడి దక్షిణగా గ్రహించాలి.

రెండో పాదంలో విరోధాభాసాలంకారం. తాగననేవారికి లెక్క ఏమిటని పైకి విరోధం. దావత్‌కు పోయినవారికి ఏ విరోధమూ లేదు. వీరు నాలుగు తెగలు. మాల వేసుకున్నవారు నిజంగా ముట్టరు. "ఇయ్యాల శనివారం" అన్నవారు రాత్రి పన్నెండు దాకా ఆగుతారు. "గోలీలు వాడుతున్న" అన్నవారు ఆ పూట గోలీ మానేస్తారు. "నీ మీది ప్రేమకు ఒక్క పెగ్గు" అనేవారు నాలుగో తెగ. ఆ ప్రేమకు కొలత లేదు. కనుక మిగతా 100 మందిలో పాతికమందికి తలకు కోటరున్నర చొప్పున 38 కోటర్లు విడిగా పెట్టాలి. బండి నడపాల్సిన డ్రైవరును మాత్రం ఈ లెక్కలో కలపరాదు. అతనికి రెండింతలు చేయవలసింది బిర్యానీ.

సోడా ఎందుకు రెట్టి? మందు తక్కువైతే పోసేవాడు చెయ్యి బిగిస్తాడు. సోడా తక్కువైతే తాగేవాడు మందునే చిక్కగా పోసుకుంటాడు, పైలెక్క అంతా తప్పుతుంది. గుడాలు, పల్లీలు, బోటి చాలకపోయినా ఇంతే. చేతులు బిర్యానీ ముక్కల మీదికి పోయి వంటమాస్టరు లెక్క కూడా పాడవుతుంది.

పాఠాంతరం: "కోటరొకటి" అన్నచోట "కల్లులొట్టి" అని పల్లె పాఠం. యతి తప్పినా గణాలకు సరిపోతుంది, అవ్వలకూ నచ్చుతుంది. కాని కల్లు పొద్దెక్కినకొద్దీ పులుస్తుంది. ముందురోజు తెచ్చి దాచే సరుకు కాదు. గౌడన్నకు ముందే చెప్పి, పొద్దుగాలనే దించిన కల్లు తెప్పించుకోవాలి.

శంక: ముహూర్తం చూశాం, ఇంకేం చూడాలి? సమాధానం: అక్టోబరు 2న షాపులు మూత. పోలింగు ముగిసే ముందు 48 గంటలు కూడా అంతే. కనుక పంచాంగం పక్కనే ఎన్నికల షెడ్యూలు పెట్టుకోవాలి. ఫంక్షన్ హాలులో పోయాలంటే ఎక్సైజ్ అనుమతి కూడా కావాలి.

శంక: దాచినదాన్ని మరవడం దేనికి? సమాధానం: రాత్రి పదిగంటలకు "ఇంకేమన్న ఉన్నదా బావా?" అని అడిగేవారు పదిమంది. గుర్తుంటే ముఖం చెబుతుంది. లేదనాలి, పదకొండుకు మామ దిగి "నాకు ఉంచలేదా?" అని అలిగే లోపల బియ్యం బస్తా వెనుకనుంచి తీయాలి. అలిగాడా, మనుమడి బారసాల దాకా చెప్పుకుంటాడు.

శంక: అబద్ధం దోషం కాదా? సమాధానం: పెండ్లి సందర్భంలో బొంకవచ్చునని శుక్రాచార్యుడు బలికి మినహాయింపు చెప్పాడు. కచుడి బూడిద కలిసిన సుర తాగి, ఆ తరువాత సురాపానాన్ని నిషేధించిందీ ఆయనే. దావత్‌కు ఇంతకంటే అనుభవమున్న ప్రమాణం దొరకదు.